మీకు తెలుసా? యానాంలో ఒక్క పంచాయతీ కూడా లేదు

కాకినాడ నుంచి అమలాపురం వెళ్తుంటే, ఎదుర్లంక వంతెన ఎక్కేముందు తగిలే ఊరు యానాం. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, దరియాలతిప్ప... ఆ చుట్టుపక్కల పేటలన్నీ చూడ్డానికి కోనసీమ పల్లెల్లాగే ఉంటాయి. కానీ వీటిలో దేనికీ సర్పంచి లేడు. యానాం ప్రాంతం మొత్తానికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క మున్సిపాలిటీ. గోదావరి దాటి ఎదుర్లంకలో దిగితే మళ్లీ సర్పంచి, మండలం, జిల్లా పరిషత్తు అన్నీ ఉంటాయి.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన, మాహె కేరళ తీరాన, యానాం మన గోదావరి ఒడ్డున. ఈ నాలుగింటినీ 5 మున్సిపాలిటీలు, 10 కమ్యూన్ పంచాయతీలుగా విభజించారు. పుదుచ్చేరిలో రెండు మున్సిపాలిటీలు (పుదుచ్చేరి, ఉళవర్‌కరై), ఐదు కమ్యూన్ పంచాయతీలు. కారైకాల్‌లో ఒక మున్సిపాలిటీ, ఐదు కమ్యూన్లు. మాహె, యానాంలకు చెరో మున్సిపాలిటీ, అంతే. కమ్యూన్ల కింద 98 గ్రామ పంచాయతీలున్నాయి. వాటి మీద జిల్లా పరిషత్తు లేదు. జనాభా 20 లక్షలు దాటని చోట మూడంచెల పంచాయతీ తప్పనిసరి కాదని రాజ్యాంగమే చెప్పింది. 2011 లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా పన్నెండున్నర లక్షలకు కాస్త తక్కువ.

ఈ కమ్యూన్ ఎక్కడిదంటే, ఫ్రాన్స్ నుంచి వచ్చింది. 1880 మార్చి 12న వెలువడిన డిక్రీతో ఫ్రెంచివారు భారతదేశంలోని తమ స్థావరాలను 10 కమ్యూన్లుగా విడదీశారు. పుదుచ్చేరిలో నాలుగు, కారైకాల్‌లో మూడు, మాహె, యానాం, చందర్‌నగర్‌లలో ఒక్కొక్కటి. 1907లో పెద్ద కమ్యూన్లను మళ్లీ చీల్చి 17 చేశారు. ప్రతి కమ్యూన్‌కూ ఒక కౌన్సిలు, దానికో మేయరు. యానాం అంత చిన్న ఊరికి కూడా మేయరు ఉండేవాడు!

ఇక ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరికి దగ్గర్లోని కీళూరు అనే పల్లెలో 178 మంది సమావేశమై, ఫ్రెంచి పాలన వదిలి భారతదేశంలో కలవాలా వద్దా అని ఓటేశారు. విలీనానికి 170, వ్యతిరేకంగా 8. ఇంత పెద్ద ప్రశ్న తేల్చినవారెవరో తెలుసా? పుదుచ్చేరి, కారైకాల్‌ల ప్రతినిధుల సభ సభ్యులూ, మున్సిపల్ కౌన్సిలర్లూ. మామూలు రోజుల్లో వీధి దీపాలూ మురుగుకాలవలూ చూసుకునే మనుషులు ఒక దేశం సరిహద్దును మార్చారు. నవంబరు 1న పాలన భారత్ చేతికొచ్చింది. చట్టపరమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. అందుకే ఆ రోజున కీళూరు స్మారకం దగ్గర ఏటా జెండా ఎగరేస్తారు. యానాం అయితే కీళూరు ఓటు దాకా ఆగలేదు. ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13నే ఫ్రెంచి పాలనను దించేసింది.

అలాంటి కౌన్సిళ్లకు ఆ తర్వాత ఏమైంది? బాధ కలిగించే విషయమిది. 1968లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాతివి 2006లో. మధ్యలో 38 ఏళ్లు! ఇరవయ్యొకటో ఏట కౌన్సిలరుకు ఓటేసినవాడు రెండోసారి ఓటేసేసరికి యాభై తొమ్మిదికి వచ్చాడు. 1973లో మున్సిపాలిటీలకు ఒకటి, పంచాయతీలకు ఒకటి చొప్పున కొత్త చట్టాలొచ్చినా ఎన్నికలు రాలేదు. 74వ రాజ్యాంగ సవరణ వచ్చి, మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు ముగిసేలోగా ఎన్నికలు పూర్తిచేసి తీరాలని చెప్పాక కూడా పదమూడేళ్లు పట్టింది. 2006లో గెలిచినవారి గడువు 2011లో ముగిసింది. 2021లో మళ్లీ ఎన్నికలు షెడ్యూలు దాకా వచ్చి, రిజర్వేషన్ల వివాదంతో ఆగిపోయాయి. 1990లో పుట్టిన యానాం వాసి ముప్పై దాటినా తన వార్డుకు కౌన్సిలరును ఎన్నుకుని ఎరగడు.

కౌన్సిలు లేనప్పుడు మున్సిపాలిటీని కమిషనరు నడుపుతారు. చెత్త బండి వస్తుంది, ఇంటి పన్ను కట్టించుకుంటారు, రోడ్లు కూడా పడతాయి. కానీ ఏ వీధి రోడ్డు ముందు, ఏది వెనక అని ఆ వీధి మనిషి కూర్చుని వాదించే సభ ఉండదు. డ్రెయిను పూడుకుపోతే చెప్పుకోవడానికి మున్సిపల్ ఆఫీసు, లేదా ఎమ్మెల్యే. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే 30 స్థానాల్లో యానాంది ఒకటి. కౌన్సిలరు మోయాల్సిన బరువు కూడా ఆ ఒక్కరి మీదే పడుతోంది. ఇది ఎమ్మెల్యేకీ మంచిది కాదు, జనానికీ మంచిది కాదు.

ఊరు గోదావరి ఒడ్డున, పాలన పుదుచ్చేరిది అన్న ఈ తీరు యానాం చిరునామాలోనూ కనిపిస్తుంది. ఉత్తరం మీద పిన్ కోడ్ 533464, అంటే గోదావరి జిల్లాల వరసే. బండి నంబరు మాత్రం పీవై-04తో మొదలవుతుంది. కేసు హైకోర్టుకెళ్తే అమరావతికి కాదు, చెన్నైలోని మద్రాసు హైకోర్టుకు.

చివరగా చందర్‌నగర్ సంగతి. ఒకప్పటి ఫ్రెంచి స్థావరాల్లో ఐదోది అదే. 1949లోనే అక్కడి ప్రజలు భారత్‌వైపు ఓటేశారు, 1954లో ఆ ఊరు పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. ఇప్పుడది చందన్‌నగర్ నగరపాలక సంస్థ. 2022 ఫిబ్రవరిలో అక్కడ కార్పొరేటర్ల ఎన్నికలు జరిగాయి.