లోపలి నుంచి తొలి కబురు

టిఫా స్కానింగ్ గదుల్లో తరచూ కనిపించే దృశ్యమిది. పొట్ట మీద చల్లటి జెల్ రాసి డాక్టరు ప్రోబ్ తిప్పుతుంటే, తెర మీద బిడ్డ కాళ్లు ముడుచుకుంటుంది, చాపుతుంది. చెయ్యి మొహం మీదికి తెచ్చుకుంటుంది. ఒక్కోసారి ఆవలిస్తుంది కూడా. ‘‘బాగా ఆడుతోందమ్మా’’ అంటారు డాక్టరు. బల్ల మీద పడుకున్నామెకు మాత్రం అదేమీ తెలియడం లేదు. తొలి కాన్పు, పద్దెనిమిదో వారం. ‘‘నాకేం కదులుతున్నట్టు లేదు మేడమ్’’ అంటుంది బెంగగా.

సాధారణంగా ఆ బెంగ ఎక్కువ రోజులుండదు. ఏ మధ్యాహ్నమో అన్నం తిని నడుం వాల్చినప్పుడు బొడ్డు కింద ఏదో మెదులుతుంది. గ్యాసేమో అనుకుంటుంది. కాసేపటికి అక్కడే మళ్లీ మెదులుతుంది. పక్కనున్న భర్త చెయ్యి తీసి పొట్ట మీద పెట్టినా అతనికేమీ అందదు. బయటి చేతికి తగిలేంత బలం రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ కబురు ఆమె ఒక్కదానిదే.

నిజానికి బిడ్డ కదలడం అప్పుడు మొదలైంది కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో డివ్రీస్, విసర్, ప్రెక్టల్ అనే పరిశోధకులు తొలి కాన్పు గర్భిణులకు వారం వారం స్కానింగ్ చేసి, గర్భస్థ శిశువు ఏ కదలిక ఎప్పుడు నేర్చుకుంటుందో నమోదు చేశారు. 1982లో ఆ వివరాలు అచ్చయ్యాయి. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఏడెనిమిది వారాలకే శరీరంలో చిన్న చలనం కనిపించింది. అప్పటికి పిండం పొడవు రెండు సెంటీమీటర్లయినా ఉండదు. ఆ వెంటనే ఉలికిపాట్లు, ఎక్కిళ్లు. పదో వారానికల్లా చెయ్యి మొహాన్ని తాకుతుంది. మరో వారానికి ఆవలింత. అంటే వేవిళ్లతో తల్లి మంచం దిగలేకుండా ఉన్న రోజుల్లోనే లోపల ఈ విన్యాసాలన్నీ సాగుతున్నాయన్నమాట.

మరి ఆమెకెందుకు తెలియదు? బిడ్డ చాలా చిన్నది. చుట్టూ ఉమ్మనీరు. కాలో చెయ్యో గర్భాశయం గోడకు గట్టిగా తగిలితేనే తల్లికి స్పర్శ అందుతుంది. తొలి కాన్పులో చాలామందికి 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, కొందరికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. మలి కాన్పుకు పదహారో వారానికే పోల్చుకునే వాళ్లున్నారు. ఒకసారి ఎరిగిన స్పర్శ కాబట్టి దాన్ని గ్యాస్ కింద కొట్టెయ్యరు. మాయ గర్భాశయం ముందు గోడకు అతుక్కుని ఉంటే అది బిడ్డకూ పొట్టకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. అలాంటి వారికి తొలి కదలిక ఆలస్యంగా, మెత్తగా తెలుస్తుంది. తల్లి బరువు ఎక్కువైనా అంతే.

ఇదంతా తెలియక ఇళ్లలో పోలికలు మొదలవుతాయి. ‘‘మా రోజుల్లో నాలుగో నెల వెళ్లకముందే తెలిసేది’’ అని అత్తగారు. ‘‘నాకైతే ఐదో నెల రాగానే’’ అని తోడికోడలు. ఏ ఇద్దరి కడుపులోనూ మాయ ఒకే చోట ఉండదు, ఏ ఇద్దరూ నెలలు ఒకేలా లెక్కపెట్టరు. ఈ పోలికల వల్ల కొత్త కోడలికి నిద్ర కరువవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అయితే 24 వారాలు నిండినా ఒక్కసారి కూడా కదలిక తెలియకపోతే డాక్టరుకు చెప్పాల్సిందే.

తొలి స్పర్శ ఎలా ఉంటుందని అడిగితే పల్లెల్లో పెద్దవాళ్లు చేపపిల్ల తోక ఆడించినట్టు ఉంటుందంటారు. ఆ సుతారం ఎన్నాళ్లో ఉండదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఎమ్మారై దృశ్యాల సాయంతో గర్భస్థ శిశువు తన్ను ఎంత బలంగా ఉంటుందో లెక్కకట్టి 2018లో ప్రచురించారు. 20 వారాలప్పుడు 29 న్యూటన్లు, 30 వారాలకు 47 న్యూటన్లు. 47 న్యూటన్లంటే సుమారు అయిదు కిలోల బరువు మోపినంత బలమన్నమాట! 35 వారాలకు అది 17 న్యూటన్లకు పడిపోయింది. చోటు ఇరుకై కాలు విసిరే వీలు తగ్గడమే కారణం. బలం తగ్గుతుందే కానీ కదలడం ఆగదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, దీంతో ముందు పనుంది.

ఈ తన్నులు వట్టి అల్లరి కాదు. ఎముకలు గట్టిపడటానికి, కీళ్లు సరైన ఆకారంలో కుదురుకోవడానికి ఆ కదలికలే వ్యాయామం. ఒకే తీరుగా, తాళం వేసినట్టు చాలాసేపు టకటకమంటుంటే అవి ఎక్కిళ్లు. వంటింట్లో స్టీలు గిన్నె జారిపడితే కడుపులో బిడ్డ ఉలిక్కిపడిందని ఆరేడు నెలల గర్భిణులు చెబుతుంటారు. అది భ్రమ కాదు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెపర్ బృందం పొట్ట మీద స్పీకర్ పెట్టి ధ్వనులు వినిపించి స్కానింగ్‌లో గమనించింది. 19వ వారంలోనే తొలి స్పందన కనిపించింది, 27 వారాలకు దాదాపు అందరు శిశువులూ స్పందించారు. సుభద్ర గర్భంలో అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడని, లీలావతి కడుపులో ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడని కథలు చెప్పుకొన్న జాతికి ఇదేమీ ఆశ్చర్యం కాదు. వ్యూహాలూ వేదాంతాలూ అర్థమవుతాయని ఎవరూ నిరూపించలేదు గానీ, అమ్మ గొంతు మాత్రం లోపలికి వినిపిస్తుంది.

పాతకాలం వాళ్లు ఈ కదలికకు ఎంత విలువిచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పారస్కర గృహ్యసూత్రం పుంసవనాన్ని గర్భం కదలడానికి ముందే, రెండో నెలలోనో మూడో నెలలోనో చెయ్యమంది. మగపిల్లాడి కోసం చేసే క్రతువు కాబట్టి, కదలిక మొదలయ్యాక చేసి లాభం లేదని కాబోలు. క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్ రోజుల్లో చదువుకునే లూకా సువార్తలో మరియ పలకరింపు వినగానే ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులేస్తుంది. గ్రీసులో అరిస్టాటిల్, మగబిడ్డయితే నలభయ్యో రోజు ప్రాంతంలో కుడివైపున, ఆడబిడ్డయితే తొంభయ్యో రోజుకు ఎడమవైపున కదులుతుందని రాసి, ఇది కచ్చితమేమీ కాదని తనే ఓ మాట తగిలించాడు. కుడివైపు తంతే మగపిల్లాడంటూ మన వీధి అరుగుల మీద వినిపించే మాటకు రెండు వేల ఏళ్లకు పైబడిన వయసుందన్నమాట. వయసు పెద్దదైనంత మాత్రాన నిజమైపోదు. ఏ వైపు తన్నినా బిడ్డ పడుకున్న తీరునే చెబుతుంది తప్ప ఆడా మగా అన్నది చెప్పదు. 

ఇక చట్టం సంగతి. ఇంగ్లండులో మరణశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని చెబితే, పెళ్లయిన ఆడవాళ్లతో ఒక జ్యూరీ వేసి పరీక్షించమనేవారు. బిడ్డ కదులుతోందని వాళ్లు తేలిస్తే ఉరి వాయిదా పడేది. ఆ జ్యూరీ పద్ధతి 1931 దాకా పుస్తకాల్లో ఉంది. అక్కడే 1803లో వచ్చిన చట్టం, కదలిక తెలిశాక గర్భస్రావం చేయిస్తే ఉరి, అంతకుముందైతే తక్కువ శిక్ష అంది. 1837లో ఆ తేడాను ఇంగ్లండు వదిలేసుకుంది. విచిత్రమేమిటంటే, అదే తెల్లదొరలు 1860లో మనకు రాసిచ్చిన శిక్షాస్మృతిలోకి మాత్రం ఆ గీత వచ్చి కూర్చుంది. చట్టవిరుద్ధంగా గర్భస్రావం చేయిస్తే మూడేళ్లు, కడుపులో బిడ్డ కదిలే దశ వచ్చాక అయితే ఏడేళ్లు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ నంబరు 312 నుంచి 88కి మారింది. గీత అలాగే ఉంది. మరోపక్క 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం కదలికల ఊసే ఎత్తదు, వారాల లెక్కే చూస్తుంది. ఒకే విషయానికి ఒకే దేశంలో రెండు కొలబద్దలు!

ఆ వారాల లెక్కను కూడా ఒకప్పుడు తల్లి మాటతోనే సరిచూసేవారు. గ్లాస్గోలో ఇయాన్ డోనల్డ్ బృందం 1958లో అల్ట్రాసౌండ్ పరిశోధనను ప్రచురించేదాకా కడుపులోకి తొంగిచూసే సురక్షితమైన దారి లేదు. నెలసరి తేదీ గుర్తులేని ఆమెను డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ‘‘బిడ్డ కదలడం ఎప్పుడు తెలిసిందమ్మా?’’. తొలి కాన్పయితే ఆ రోజుకు 22 వారాలు, మలి కాన్పయితే 24 వారాలు కలిపి ప్రసవం తేదీ ఉజ్జాయింపుగా చెప్పేవారు. స్కానింగ్ వచ్చాక ఆ ప్రశ్న వెనక్కి వెళ్లింది. తేదీలు కచ్చితమయ్యాయి, మంచిదే. దాంతోపాటే ‘స్కాన్ బాగుంది కదా, ఇంకేంటి నీ గోల’ అనే ధోరణి ఒకటి ఇళ్లల్లోనూ ఆస్పత్రుల్లోనూ దిగబడింది. చిక్కంతా అక్కడే ఉంది. స్కాన్ చెప్పేది ఆ పది నిమిషాల సంగతి. మిగతా వేళలన్నీ తెలిసేది తల్లికే.

ఏడో నెల దాటాక ఈ తెలివిడి ప్రాణం నిలిపేది కావచ్చు. మాయ నుంచి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు బిడ్డ చేసే పని కదలికలు తగ్గించి శక్తి దాచుకోవడం. 1976లో పియర్సన్, వీవర్ అనే బ్రిటిష్ వైద్యులు దీని ఆధారంగానే పది కదలికల పట్టిక తయారుచేశారు. మన వైద్య విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకాల్లో మరో పద్ధతి ఉంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంటేసి చొప్పున లెక్కపెట్టి, మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తే పన్నెండు గంటల లెక్క వస్తుంది. అది పదికి తగ్గకూడదు. టిఫిన్ తిని ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని, ఒక్కో కదలికకు ఒక్కో వేలి కణుపు దాటిస్తూ లెక్కపెట్టుకోవచ్చు.

అందరికీ అంత తీరిక ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. పొద్దున్నే మిరప కోతకు వెళ్లే కూలీకీ, రోజంతా మీటింగుల్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ ఎడమవైపు తిరిగి గంట పడుకోవడం కుదరదు. పనిలో ఉన్నప్పుడు చాలా కదలికలు మనసుకే రావు. బిడ్డ కూడా ఓసారి ఇరవై నుంచి నలభై నిమిషాలు నిద్రపోతుంది. ఆ నిద్ర గంటన్నర దాటడం అరుదు. పైగా అంకెలు పట్టుకుని వేలాడటం వల్ల ఎంత మేలన్నదీ తేలలేదు. కదలికలు తగ్గితే వెంటనే రమ్మని గర్భిణులకు నేర్పి, వచ్చినవారిని ఒకే పద్ధతిలో పరీక్షించే విధానాన్ని బ్రిటన్, ఐర్లండ్‌లలోని 33 ఆస్పత్రుల్లో, నాలుగు లక్షలకు పైగా గర్భాలపై పరిశీలించారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం మృత శిశు జననాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అలాగని తల్లి మాటను కొట్టిపారేయమని ఆ ఫలితం చెప్పలేదు. ఇప్పుడు వైద్యులు ఎక్కువగా నొక్కి చెప్పేది అంకె గురించి కాదు, అలవాటు గురించి. నిన్నటిదాకా సాయంత్రం టీ వేళకు గంతులేసిన బిడ్డ ఇవాళ నెమ్మదించిందా? ఆ తేడాయే కబురు.

ఇక్కడే ఓ ప్రమాదకరమైన నమ్మకాన్ని తుంచెయ్యాలి. ‘తొమ్మిదో నెలలో బిడ్డకు చోటుండదు, కదలికలు తగ్గడం మామూలే’ అన్నది. సుమారు 32 వారాల దాకా పెరిగే కదలికలు ఆ తర్వాత స్థిరంగా సాగుతాయి. గిరగిరా తిరగడం తగ్గి నెట్టడం, ఒత్తడం ఎక్కువవుతుంది. తీరు మారుతుంది, అంతే. ప్రసవం నొప్పుల దాకా బిడ్డ కదులుతూనే ఉండాలి.

2019లో ప్రపంచవ్యాప్తంగా 28 వారాలు దాటాక కడుపులోనో కాన్పులోనో ప్రాణం పోయిన బిడ్డలు సుమారు 19 లక్షలని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. దేశాలవారీగా ఎక్కువ మంది మన దగ్గరే. అన్నీ ఆపగలిగినవని కాదు. కానీ అలాంటి తల్లుల్లో చాలామంది అంతకుముందు రోజుల్లో కదలికలు తగ్గినట్టు గమనించామని చెబుతారు. వైద్యులు పదే పదే వినే మాట అది.

ఆశ కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు తెరిచి చూడండి. ప్రమాద సూచనల్లో రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి లాంటి వాటి సరసనే బిడ్డ కదలికలు తగ్గడం, ఆగడం కూడా ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వాస్పత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షలో అడక్కపోయినా ఆ విషయం చెప్పాలి. తొమ్మిదో తేదీ దాకా ఆగే పరిస్థితి కాకపోతే ఆగకూడదు. చల్లటి నీళ్లు తాగి చూద్దాం, తీపి తిని చూద్దాం, తెల్లారాక వెళ్దాం అనుకుంటూ రాత్రి గడిపెయ్యడం తప్పు. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న డాప్లర్ పెట్టి గుండె చప్పుడు విని ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఆ వినిపించేది తల్లి నాడే కావచ్చు. బిడ్డదే అయినా, అది క్షేమంగా ఉందని ఆ చప్పుడు హామీ ఇవ్వదు. ఆస్పత్రిలో ఎన్‌ఎస్‌టీ పట్టీ కట్టి గుండె వేగం ఎలా మారుతోందో చూస్తారు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు. అన్నీ బాగుంటే ఇంటికి పంపుతారు. రెండు రోజులకే మళ్లీ తగ్గినట్టనిపిస్తే మొహమాటపడకుండా మళ్లీ వెళ్లాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే, ‘బిడ్డ సరిగా కదలడం లేదు’ అని ఆమె అన్నప్పుడు చర్చ పెట్టకండి, మీ అనుభవాలు చెప్పకండి. అర్ధరాత్రయినా సరే బండి తియ్యండి, లేదంటే 108కి ఫోన్ చెయ్యండి.