నలుగురిలో మిగిలిన ఇద్దరు

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలు చూసినవారికి ఆ కథ రాసిన టోల్కీన్ పేరు తెలిసే ఉంటుంది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో, కింగ్ ఎడ్వర్డ్స్ స్కూల్లో చదివే రోజుల్లో ఆయనకొక స్నేహితుల జట్టు ఉండేది. 1911లో స్కూలు లైబ్రరీలోనే గుట్టుగా టీ కాచుకుని తాగేవారు. అందుకే జట్టు పేరులోనూ 'టీ' చేరింది. పొడి అక్షరాల్లో టి.సి.బి.ఎస్. అందులో ప్రాణస్నేహితులు నలుగురు. టోల్కీన్ క్యాథలిక్. క్రిస్టఫర్ వైజ్‌మన్ మెథడిస్టు పాస్టరు గారి అబ్బాయి. ఎంత వాదించుకున్నా ఇద్దరూ విడిపోలేదు. మన సంఘాలవారు కాస్త గమనించాల్సిన సంగతి! మిగతా ఇద్దరు రాబ్ గిల్సన్, జెఫ్రీ స్మిత్. దేవునికీ సత్యానికీ సాక్షిగా నిలవడానికే తమ జట్టు పుట్టిందని టోల్కీన్ నమ్మాడు.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వైజ్‌మన్ నౌకాదళంలో, మిగతా ముగ్గురు సైన్యంలో చేరారు. 1916 జులై 1న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలైన రోజే, 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. వారిలో 22 ఏళ్ల గిల్సన్ ఒకడు.

ఆ తర్వాత నడిచిన ఉత్తరాలే నన్ను ఎక్కువగా కలచివేస్తాయి. జట్టు ఇక ముగిసిపోయినట్టేనని టోల్కీన్ రాశాడు. స్మిత్ ఒప్పుకోలేదు, చావు జట్టును చెరపలేదన్నాడు. ఒకే స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఇద్దరికీ దుఃఖం ఒకేలా రాలేదు. టోల్కీన్‌ది అవిశ్వాసమని నేననను. అతను కందకాల్లో ఉన్నాడు, ఒంటరిగా ఉన్నాడు. ఆ ఆగస్టులో ఇద్దరూ ఫ్రాన్సులోనే కలుసుకున్నారు, అదే ఆఖరిసారి. శీతాకాలంలో స్మిత్‌కు ఫిరంగి గుండు తునకలు తగిలాయి. మొదట చిన్న గాయమే అనుకున్నారు. అది విషమించి డిసెంబరు 3న కన్నుమూశాడు. కందకాల జ్వరంతో టోల్కీన్ అప్పటికే ఇంగ్లాండు చేరాడు.

యోనాతాను యుద్ధంలో కూలినప్పుడు దావీదు ధనుర్గీతం పాడి ఊరుకోలేదు. ఏళ్ల తర్వాత అతని కుంటి కొడుకు మెఫీబోషెతును వెదికించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. స్మిత్‌కు పిల్లలు లేరు, కవితలున్నాయి. తాను చనిపోయినా తమ కలల్ని లోకానికి చెప్పేవాడొకడు మిగలాలని అతను ముందే టోల్కీన్‌కు రాశాడు. టోల్కీన్, వైజ్‌మన్ కలిసి ఆ కవితలన్నీ పోగుచేసి 1918లో పుస్తకంగా తెచ్చారు.

అంత చేసినా ఆ ఇద్దరూ మునుపటిలా కాలేకపోయారు. ఒకరు ప్రొఫెసర్, మరొకరు హెడ్మాస్టరు. కాలం గడిచేకొద్దీ ఉత్తరాలు తగ్గాయి. 1924లో పుట్టిన మూడో కొడుక్కి మాత్రం టోల్కీన్ క్రిస్టఫర్ అని పేరు పెట్టుకున్నాడు. ముసలితనంలో స్నేహితులిద్దరూ మళ్లీ దగ్గరయ్యారు. 1973 మే నెలలో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, వైజ్‌మన్‌కు రాసిన ఉత్తరంలో తన సంతకం పక్కన టోల్కీన్ పెట్టిన అక్షరాలు నాలుగు: టి.సి.బి.ఎస్.