“మీ నాన్నగారు ఏం చేస్తారు?”

ఆదివారం ఆరాధన కాగానే మా దగ్గరికి వచ్చి, “రేపు ఇంటర్వ్యూ ఉందండి, ప్రార్థన చేయండి” అని అడిగే యౌవనస్థులున్నారు. సంతోషంగా ప్రార్థిస్తాము. “ఏం సిద్ధపడ్డావు నాయనా?” అంటే మాత్రం చాలామంది తల వంచుకుంటారు.

నెహెమ్యా కిస్లేవు మాసంలో ప్రార్థన మొదలుపెట్టాడు. రాజు ఎదుట నోరు విప్పింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. ఏం కావాలని రాజు అడిగినప్పుడు లోలోపల ప్రార్థించుకొన్నాడు. ఎన్నాళ్లకు తిరిగి వస్తాడో, ఎవరికి తాకీదులు కావాలో, మ్రానుల కోసం ఆసాపుకు ఉత్తరమెందుకో తడబడకుండా చెప్పాడు. ముందే ఆలోచించి పెట్టుకోనివాడు అలా చెప్పగలడా?

కేంద్ర ప్రభుత్వపు కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తీసివేశారు. అయినా ప్రైవేటు బడిలో టీచరుకు, ఆసుపత్రిలో నర్సుకు, కంపెనీలో గుమాస్తాకు అవి తప్పవు.

బి.కాం. చదివిన మా సంఘపు తమ్ముడొకడు ఇంటర్వ్యూకు ముందు రోజు మా ఇంటికి వచ్చాడు. మేమే అధికారులమై ప్రశ్నలు వేశాము. “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అంటే “వ్యవసాయమండి” అన్నాడు. వారికి సెంటు భూమి లేదు. తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళతారు.

“ఎన్ని ఎకరాలు? ఏం పంట వేశారు?” అని వెంటనే అడిగాము. మాట రాలేదు. కాసేపటికి, “కూలి అంటే చులకనగా చూస్తారండి” అన్నాడు. మాకు కోపం రాలేదు గాని మనసు నొచ్చింది. అతని ఒంటిమీది కొత్త చొక్కా ఆ కూలి డబ్బుతో కొన్నదే.

మళ్లీ అడిగాము. ఈసారి మెల్లగా చెప్పాడు: “మా అమ్మానాన్నలు కూలి చేస్తారండి. సెలవుల్లో నేనూ మిరపకాయల కోతకు వెళ్లేవాణ్ణి. ఎవరు ఎన్ని కిలోలు కోశారో రాసి, ముఠా అందరి కూలి నేనే లెక్కకట్టేవాణ్ణి.”

లెక్కలు రాసే ఉద్యోగానికి వెళుతూ ఈ సంగతి దాచావేమిటయ్యా అంటే, “అదీ ఒక పనేనా అండి?” అన్నాడు!

సర్టిఫికెట్లు చూస్తే ఇంకో చిక్కు. పదో తరగతి మెమోలో బడిలో రాయించిన పేరు, ఆధార్‌లో బాప్తిస్మపు పేరు. మన ఇళ్లలో ఇది మామూలే. తల్లిదండ్రులారా, పిల్లల కాగితాలు ఈ వారమే బయటికి తీసి, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. దిద్దించడానికి నెలలు పట్టవచ్చు.

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. మూడో ఇంటర్వ్యూలో ఒక ఎరువుల కొట్టులో పద్దులు రాసే పని దొరికింది. అక్కడ యజమాని ఎక్కువసేపు అడిగింది ముఠా లెక్కల గురించేనట.