క్లేర్‌మాంట్ రాజకుమారి, కింగ్‌స్టన్ కుర్రాడు, మన తీన్‌మార్

1996లో ఫ్యూజీస్ అనే అమెరికా బృందం 'ది స్కోర్' పేరుతో ఒక ఆల్బం తెచ్చింది. బృందంలో ఉన్నది ముగ్గురే. వారిలో వైక్లెఫ్ జాన్ హైతీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. ప్రాస్ హైతీ నుంచి వచ్చిన దంపతుల కొడుకు. ఆ ఆల్బం తిరిగి తిరిగి కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో అయిదో తరగతి చదివే ఒక తెలుగింటి పిల్ల చెవిన పడింది. అప్పటికే ఆ పిల్ల కాళ్లకు గజ్జెలు కట్టి కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంటోంది. తకధిమి లెక్క వంటబట్టిన పిల్లకు ర్యాప్‌లోని లెక్క పట్టుకోవడం ఎంతసేపు? పదిహేనేళ్లు నిండకముందే సొంతంగా ర్యాప్ కట్టడం మొదలుపెట్టింది. ఆమె పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. పాటల లోకం ఆమెను పిలిచేది రాజకుమారి అని.

హైతీ బిడ్డలున్న బృందం అమెరికాలో కట్టిన పాట, ఆంధ్ర మూలాలున్న అమ్మాయిని ర్యాపర్‌ను చేసింది. ఇదేదో అరుదైన సంఘటన అనుకుంటే పొరపాటు. హిప్‌హాప్ యాభై ఏళ్ల చరిత్ర నిండా ఇలాంటి దారులే. అది నల్లజాతి అమెరికన్ల సంగీతం అనే మాట నిజమే. అయితే ఆ ఇంటి పునాదిరాయి వేసినవాడు పడవలో కాకపోయినా విమానంలో వచ్చిన వలస కుర్రాడు.

అతని పేరు క్లైవ్ క్యాంప్‌బెల్. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1955లో పుట్టాడు. పన్నెండేళ్లప్పుడు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు వచ్చాడు. డీజే కూల్ హెర్క్ అని పేరు పెట్టుకున్నాడు. 1973 ఆగస్టు 11న అతని చెల్లెలు సిండీ, బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టాలని, తాము ఉంటున్న 1520 సెజ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ కింది హాల్లో ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్. పాటలు వేసే పని అన్నది. హిప్‌హాప్ పుట్టినరోజుగా ప్రపంచం ఇప్పుడు జరుపుకుంటున్నది ఆ తేదీనే.

హెర్క్ గమనించిన సంగతి చిన్నదే. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని సెకన్ల దగ్గరే జనం ఎక్కువగా ఊగిపోతున్నారు. ఆ ముక్క అయిపోగానే చల్లబడుతున్నారు. అందుకని ఒకే రికార్డును రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క అందుకునేలా తిప్పాడు. పది సెకన్ల దరువు పది నిమిషాలు సాగింది. ఆ దరువు మీద మైకులో మాటలు విసరడం దగ్గర ర్యాప్ మొదలైంది. ఇక పెద్ద పెద్ద బాక్సులు వీధిలోకి దించి జనాన్ని కదిలించే పద్ధతి అతను కింగ్‌స్టన్‌లో కళ్లారా చూసిందే. అక్కడ ఒక సౌండ్ సిస్టమ్ వాళ్లకూ ఇంకొక సౌండ్ సిస్టమ్ వాళ్లకూ పోటీ. ఎవరి చప్పుడు ఎక్కువ దూరం పోతే వాళ్లదే గెలుపు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఊరికొక ప్రభ కట్టి, దాని ముందు పక్క ఊరివాళ్ల కంటే పెద్ద డీజే పెట్టాలని పంతం పట్టే కుర్రకారుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

హెర్క్ తర్వాత ఆ పనికి మెరుగుపెట్టిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పుట్టింది కూడా కరీబియన్ దీవి బార్బడోస్‌లోనే. ఆ తర్వాతి కథ అట్లాంటిక్ దాటింది. సెనెగల్ రాజధాని డకార్‌లో చాద్ దేశపు తల్లిదండ్రులకు పుట్టిన ఎంసీ సొలార్, 1991లో ఫ్రెంచి ర్యాప్‌కు గౌరవం తెచ్చిపెట్టాడు. లండన్‌లో నైజీరియా మూలాలున్న స్కెప్టా 2016లో, డేవ్ 2019లో, లిటిల్ సింజ్ 2022లో బ్రిటన్ పెద్ద సంగీత పురస్కారం మెర్క్యురీ గెలిచారు. మనవాళ్లకు బాగా దగ్గరైనవాడు మాత్రం ఏకాన్. అతని తండ్రి మోర్ థియామ్ సెనెగల్ జెంబే వాద్యకారుడు. ఆ డప్పు వాయిద్యగాడి కొడుకు 2011లో 'రా.వన్' కోసం హిందీలో 'ఛమ్మక్ ఛల్లో' పాడితే, మన పెళ్లి ఊరేగింపుల్లో అది మోగని వారం లేదు.

దక్షిణాసియా వాళ్లు ఈ బండెక్కింది బ్రిటన్ నుంచి. బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్‌లో జమైకా వాళ్లూ పంజాబీలూ పక్కపక్క వీధుల్లో పెరిగారు. ఆ ఇరుగుపొరుగు నుంచి వచ్చినవాడే స్టీవెన్ కపూర్ అనే అపాచీ ఇండియన్. 1993లో అతని పాట 'బూమ్ షాక్ అ లాక్' దేశదేశాలు తిరిగింది. అతని తర్వాత పంజాబీ ఎంసీ. 1998 నాటి 'ముండియాఁ తో బచ్ కే'ను 2003లో జే-జెడ్ తన గొంతు కలిపి మళ్లీ విడుదల చేశాడు. ఈలోగా అమెరికా నిర్మాతలకు తూర్పు చప్పుళ్ల మీద మనసైంది. మిస్సీ ఎలియట్ 2001 పాట 'గెట్ యుర్ ఫ్రీక్ ఆన్'లో వినిపించే తుంబీ తీగ, తబలా దరువు టింబలాండ్ చేర్చినవి.

అయితే మనసైన చప్పుడుకు పైకం చెల్లించాలన్న సంగతి అందరికీ గుర్తుండేది కాదు. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్'లో 1981 హిందీ సినిమా 'జ్యోతి' కోసం లతా మంగేష్కర్ పాడిన పాట ముక్క ఉన్నదున్నట్టుగా వచ్చేస్తుంది. సంగీత దర్శకుడు బప్పీ లహిరి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆయన అమెరికా కోర్టుకెక్కాడు. ఆయన పేరు వేసేదాకా ఆల్బం అమ్మవద్దని 2003లో న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చాడు. వినోదం ఏమిటంటే, ఎవరి బాణీలకు ఏ పడమటి పాట మూలమో లెక్కలు కట్టే మన సినిమా పత్రికలకు ఆ ఏడాది లెక్క తిరగబడి కనిపించింది.

ఎం.ఐ.ఏ. దారి వేరు. లండన్‌లో పుట్టిన ఈ శ్రీలంక తమిళురాలి అసలు పేరు మాతంగి అరుళ్‌ప్రగాసం. 2007 ఆల్బం 'కళా' కోసం ఆమె చెన్నై వచ్చి ఉరుమి వాద్యకారులను కూర్చోబెట్టి రికార్డు చేసుకుంది. అనంతపురం వైపు ఉరుముల నృత్యంలో మోగేది ఆ ఇంటి వాయిద్యమే. అదే ఆల్బంలోని 'పేపర్ ప్లేన్స్' 2008లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. వలస వచ్చినవాళ్లంటే దొంగలనుకునే చూపును వెక్కిరించే పాట అది.

ఇప్పుడు రాజకుమారి దగ్గరకు వద్దాం. ఆమె ముందుగా పేరు సంపాదించుకున్నది రచయిత్రిగా. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014 పాట 'సెంచరీస్' రాసినవాళ్లలో ఆమె ఒకరు. దానికి 2016లో బీఎంఐ పాప్ పురస్కారం అందింది. ఇగ్గీ అజేలియా, గ్వెన్ స్టెఫానీ, ఫిఫ్త్ హార్మనీ కోసమూ రాసింది. తెర వెనక ఉన్నంతకాలం ఆమె చర్మం రంగు, పేరు ఎవరికీ పట్టలేదు. తెర ముందుకు వస్తూ 2016లో 'ది కమ్ అప్' తెచ్చింది. మరుసటి ఏడు ముంబయి ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్', 2019లో ఎంటీవీ 'హజిల్' న్యాయనిర్ణేత కుర్చీ, 'గల్లీ బాయ్'లో చిన్న పాత్ర. 2023లో సొంత లేబుల్ మీద 'ది బ్రిడ్జ్' ఆల్బం, అదే ఏడు 'జవాన్' టైటిల్ పాటలో ర్యాప్.

ఆమె పాటల్లో నిలిచేది కాసుల పేర్లు, పెద్ద బొట్టు, పట్టుచీర ముస్తాబు అనుకునేవాళ్లు ఉన్నారు. ముస్తాబు సరే, చెవితో వింటే వేరే సంగతి తెలుస్తుంది. నాలుగు నాలుగుగా నడిచే ర్యాప్ దరువు మీద ఆమె మాటలు మూడేసి, అయిదేసి అక్షరాలుగా విరిగి, చివరకు సమం మీద వచ్చి పడతాయి. అది నట్టువాంగం దగ్గర కూర్చున్నవాళ్ల అలవాటు. కూచిపూడిలో జతి ముగింపు వినే చెవికి అది ఇట్టే దొరుకుతుంది. ఇండియాలో అమెరికా పిల్ల అనీ, అమెరికాలో ఇండియా పిల్ల అనీ అనిపించుకున్న సంగతిని ఆమె 'ఎన్.ఆర్.ఐ.' పాటలో తనే తేల్చుకుంది. తెలుగులో మాత్రం ఆమె చాలా తక్కువ పాడింది. తెలుగు పత్రికలు ఆమె గురించి రాసింది ఇంకా తక్కువ.

వలస దారి అటు నుంచి ఇటు కూడా ఉంది. హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఆ పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజా రామేశ్వర రావు పెంచిన ఆఫ్రికా అశ్వికదళం తర్వాత నిజాం చేతికి వచ్చింది. సిద్దీలనే ఆ సైనికుల కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. హైదరాబాద్ సంస్థానం 1948లో భారతదేశంలో కలిశాక గుర్రాలూ లేవు, కొలువూ లేదు. చేతిలో మిగిలింది వాయిద్యం. సిద్దీలూ, బార్కస్‌లో ఉండే యెమెన్ మూలాల చావుష్‌లూ కలిసి నిలబెట్టిన మర్ఫా వాద్యం నగరంలో పెళ్లిళ్లకు, పండగలకు, మతం అడగకుండా మోగింది. తీన్‌మార్ దరువు ఆ మర్ఫా ఇంటిదే. ఇవాళ పొదిలిలో వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్తూ "అన్నా, తీన్‌మార్ వెయ్యి" అని డీజే వాణ్ణి బతిమాలే కుర్రాడు అడుగుతున్నది, తెలియకుండానే, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు దక్కనులో పెంచిన దరువు.

తెలుగు ర్యాప్ పెరిగింది కూడా ఎక్కువగా హైదరాబాద్‌లోనే. అంతకు ముందు మనకు ర్యాప్ అంటే 1994లో 'ప్రేమికుడు'లో వచ్చిన పేట ర్యాప్, 2008లో బాబా సెహగల్ గొంతులో 'జల్సా' పాట. సినిమా బయట పాట కట్టాలని నోయెల్, రోల్ రైడా లాంటివాళ్లు యూట్యూబ్‌ను నమ్ముకున్నారు. పాతబస్తీ వైపు గల్లీల మాటతో సొంత వీడియోలు చేసుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడాడు. కానీ పేరు రాగానే సినిమా పిలుస్తుంది, పిలవగానే వెళ్లక తప్పదు. తమిళంలో అరివు, మలయాళ నేల నుంచి హ్యూస్టన్ వెళ్లి పెరిగి వచ్చిన హనుమాన్‌కైండ్ సినిమాకు బయట కూడా నిలబడ్డారు. హనుమాన్‌కైండ్, నిర్మాత కల్మి కలిసి చేసిన 'బిగ్ డాగ్స్' 2024లో బిల్‌బోర్డ్ పట్టికలో 23వ స్థానానికి చేరింది. మరుసటి ఏప్రిల్‌లో అతను కాలిఫోర్నియా కోచెల్లా ఉత్సవానికి చెండ మేళాన్ని వెంట తీసుకెళ్లాడు.

గుంటూరు, ప్రకాశం సీమలకు దరువు మీద మాట విసరడం కొత్త కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, తంబురా ఒక భుజాన, అందెలు వేళ్లకు, పక్కన హాస్య వంత, రాజకీయ వంత పెట్టుకుని పల్నాటి యుద్ధంతో పాటు బెంగాల్ కరువును కూడా బుర్రకథగా చెప్పాడు. ప్రజానాట్యమండలి బుర్రకథలు సర్కారును ఎంత చికాకు పెట్టాయంటే వాటి మీద నిషేధాలు వచ్చాయి. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. చీరాల దగ్గరి కారంచేడులో 1985లో జరిగిన మారణకాండ తర్వాత దళిత సభల ముందు మోగింది డప్పు. ఊళ్లో చాటింపుకూ చావుకూ పరిమితం చేసిన వాయిద్యమే అప్పుడు నిలదీసే గొంతు అయింది. బ్రాంక్స్ కుర్రాళ్లకు ఈ సంగతి చెప్తే ఇట్టే అర్థమయ్యేది.

ఇన్ని ఉన్నా ఈ నేల యాసలో ర్యాప్ వినపడడం అరుదు. కుర్రాళ్లు పాట కడితే హైదరాబాదీ మాటతోనో, సినిమా హీరో డైలాగు బరువుతోనో కడుతున్నారు. సరుకు కొరత మాత్రం కాదు. పొదిలి పొగాకు వేలం కేంద్రంలో బేళ్ల వరసల మధ్య ధర కోసం నిలబడ్డ రైతు, 'నోబిడ్' అని పక్కన పెట్టేసిన బేలు, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల ఘాటుకు తుమ్ముతూ బేరమాడే కమీషన్ వ్యాపారి, కౌలు అప్పు, తెగులు పట్టిన పత్తి, హైదరాబాద్ బస్సెక్కిన తమ్ముడు, డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసే బావ. ఒక్కొక్కటీ పదహారు వరసల ర్యాప్‌కు సరిపడే సంగతే. ఖర్చు కూడా హెర్క్ నాటి మాదిరి రెండు ప్లేయర్లు, బాక్సులు కొనేంత కాదు. బీట్లు ఫోన్లోనే దొరుకుతున్నాయి, మైకు కూడా అందులోనే ఉంది.