లక్షల్లో కనాలా... లక్షణంగా పెంచాలా?

రవ్వ చేప లక్షల గుడ్లు పెట్టి తన దారిన తాను వెళ్లిపోతుంది. కొర్రమీను తన గూటిని కంటికి రెప్పలా కాస్తుంది. ఇద్దరిలో ఎవరు మంచి అమ్మానాన్న? వరంగల్ చేపల మార్కెట్లో పక్కపక్కనే కనిపించే ఈ రెండు చేపల కథలో మనిషికి సంబంధించిన సంగతులూ ఉన్నాయి!

పాకాల, రామప్ప, లక్నవరం... కాకతీయుల నాటి చెరువులకు ఓరుగల్లు సీమ పెట్టింది పేరు. ఇలాంటి చెరువుల్లో తొలకరి పడిందంటే కొర్రమీనుకు చేతినిండా పనే. గడ్డి పెరిగిన లోతు తక్కువ నీటిలో కాస్త చోటు శుభ్రం చేసి గూడు చేసుకుంటుంది. నీటిపై తేలే గుడ్లకు పెద్ద చేప, ముఖ్యంగా మగది, కాపలా కాస్తుంది. ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే వెన్నంటే ఉంటుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైంది ఇదే.

రవ్వది మరో పద్ధతి. కిలో బరువుకు రెండు, మూడు లక్షల గుడ్లు! వాటిని పొంగే నదిలో వదిలేస్తుంది, అంతే. నిలవ నీటిలో అసలు గుడ్లే పెట్టదు. అందుకే చెరువుల్లోకి రవ్వ పిల్లల్ని హేచరీల నుంచి తెచ్చి వదులుతారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించి దానికి దారి చూపారు.

లెక్క ఒక్కటే

ఇన్ని లక్షల గుడ్లలో ఎన్ని బతకాలి? చేపల సంఖ్య తగ్గకుండా ఉండాలంటే, ఒక జంటకు జీవితకాలంలో పుట్టిన వాటిలో సగటున రెండు పెద్దవైతే చాలు. కొర్రమీనుకూ అంతే! దారులు వేరు, ఫలితం ఒక్కటే. ప్రకృతి ఎవరికీ ఎక్కువ మార్కులు వేయలేదు.

ఈ తేడాకు 1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రవేత్తలు 'ఆర్', 'కె' అని పేర్లు పెట్టారు. ఎక్కువ కని వదిలేయడం మొదటిది, తక్కువ కని పెంచడం రెండోది. అయితే జీవులన్నీ ఈ రెండు గళ్లలో ఇమడవని తర్వాత తేలింది. ఆలివ్ రిడ్లీ తాబేలునే చూడండి. దశాబ్దాలు బతుకుతుంది... అయినా ఇసుకలో వందకు పైగా గుడ్లు పెట్టి వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

మరి మనిషి?

మనమూ కొర్రమీను బాటేనా? పూర్తిగా కాదు. ఒరాంగుటాన్ తల్లి ఒంటరిగా పిల్లను పెంచుతుంది. అందుకే రెండో కాన్పుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. మనిషి బిడ్డ ఎదగడానికి అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. అయినా రెండు, మూడేళ్లకే మరో బిడ్డ పుట్టగలదు. ఎలా? తల్లికి తోడుగా నాన్న, అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని ఉంటారు కాబట్టి! టాంజానియాలోని హాడ్జా తెగలో అమ్మమ్మలు దుంపలు తవ్వి మనవల కడుపు నింపడాన్ని క్రిస్టెన్ హాక్స్ బృందం గమనించింది. కాన్పులు ఆగాక కూడా స్త్రీ దశాబ్దాలు బతకడానికి ఇదో కారణం కావచ్చని వారి వాదన.

ఇప్పుడు కాన్పులు తగ్గాయి. 1950ల్లో దేశంలో ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న మూడు దశాబ్దాల నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. అంటే నిన్న 'వద్దు' అన్న సర్కారు ఇవాళ 'కనండి' అనే దాకా వచ్చింది.

ఎందరిని కనాలో చేపను చూసి నేర్చుకోలేం. ఏది నిలిచిందో ప్రకృతి చెబుతుంది. ఏది న్యాయమో మనమే తేల్చుకోవాలి. లక్ష గుడ్లు పోయినా నది లెక్క తప్పదు, ఒక్క బిడ్డ పోతే మాత్రం ఇంటి లెక్క తలకిందులవుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే హన్మకొండ ఇంట్లోనైనా, తాతా నాయనమ్మలు మిగిలిన పల్లెలోనైనా, ఎందరు పిల్లలన్న దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పుట్టిన బిడ్డను పెంచడానికి తల్లికి తోడెవరు?