అడగందే అమ్మయినా పెట్టదా?

అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దల మాట. 2014లో ఆ మాట మాకు మరీ మరీ గుర్తుకొచ్చింది.

ఆ ఏడు ఫిబ్రవరిలో హైదరాబాదులో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయినప్పుడు, మన ఇంటి కుర్రవాడే అన్నట్టు మనమంతా మురిసిపోయాం. అక్టోబరులో ఫీనిక్స్ నగరంలో కంప్యూటర్ రంగపు మహిళల మహాసభ జరిగింది. జీతం పెంచమని అడగడానికి బెరుకుపడే స్త్రీలకు మీ సలహా ఏమిటని వేదిక మీద ఆయనను అడిగారు. వ్యవస్థను నమ్ముకుంటే తగిన ఫలం అదే వస్తుందని, అడగకపోవడం మంచి కర్మ అన్న ధోరణిలో ఆయన జవాబిచ్చారు. ప్రశ్న వేసిన మారియా క్లావే అదే కంపెనీ డైరెక్టర్ల బోర్డు సభ్యురాలు. ఆమె అక్కడికక్కడే కాదన్నారు. జీతం తేల్చుకోకుండా ఉద్యోగానికి ఒప్పుకుని తాము నష్టపోయిన సంగతి చెప్పారు. ఆ రోజే నాదెళ్ల తన జవాబు పూర్తిగా తప్పని ఉద్యోగులకు రాశారు. తగునని తోస్తే అడగండి అన్నారు.

తప్పు ఒప్పుకోవడం పెద్దరికమే. కాని అడిగే భారమంతా ఆడవారిదేనా? పక్క బల్ల దగ్గరి మగవానికి ఎంత ముడుతోందో ఆమెకు తెలియదు. లెక్కల పుస్తకం ఉన్నది యజమాని చేతిలో.

ఆ పుస్తకం తెరిచిన యజమానీ ఒకరున్నారు. 2015లో సేల్స్‌ఫోర్స్ కంపెనీలో సిండీ రాబిన్స్, లేలా సెకా అనే ఇద్దరు అధికారిణులు ఆడవారి జీతాల విషయం అధిపతి మార్క్ బెనియాఫ్ ముందు పెట్టారు. ఆయన మొదట నమ్మలేదు. అయినా లెక్క తీయించారు. సుమారు 17,000 మంది జీతాలు పరిశీలిస్తే నూటికి ఆరుగురికి సవరించవలసి వచ్చింది. వారిలో స్త్రీలూ ఉన్నారు, పురుషులూ ఉన్నారు. ఖర్చు 30 లక్షల డాలర్లు. ఆ తరువాత కొన్న కంపెనీలతో పాటు వాటి పాత తేడాలూ వచ్చిపడ్డాయి. 2017లో మళ్లీ దాదాపు అంత సొమ్మూ పెట్టవలసి వచ్చింది. కలుపు ఒకసారి తీస్తే చాలదన్నమాట.

2023లో ఈ దేశంలో ఏడాది పొడుగునా పూర్తికాలం పనిచేసిన పురుషునికి డాలరు వస్తే, స్త్రీకి వచ్చింది సుమారు 83 సెంట్లు. ఇది ఒకే పనికి పోలిక కాదు. పెద్ద జీతాల పదవుల్లో ఆడవారు తక్కువగా ఉండడమూ ఇందులో చేరింది. ఆ పదవులు ఎవరికివ్వాలో నిర్ణయించేదీ అధిపతులే.

మన సభ్యుల్లో జీతాలు నిర్ణయించే కుర్చీలకు చేరినవారు ఉన్నారు. వారికి మా మనవి ఒక్కటే: ఏటా ఒకసారి లెక్క తీయించండి. అక్కచెల్లెళ్లు మాత్రం అడగడం మానవద్దు. అడిగితేనే పెట్టే అమ్మ కూడా, పంక్తిలో ఎవరి విస్తరి ఖాళీగా ఉందో ఒకసారి చూస్తుంది గదా!