నల్ల కాగితంలో నాటి వాల్తేరు

విశాఖపట్నం: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని ఊళ్లకు చేరినవారికి వాల్తేరు అనగానే గుర్తొచ్చేది తరగతి గది ఒక్కటే కాదు. సముద్రం వైపు దిగే ఏటవాలు రోడ్లు, చెట్ల నీడ, దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ కళ్లముందు మెదులుతాయి. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్లను పెద్దసంఖ్యలో నేలకూల్చింది. కెమెరా అరుదైన రోజుల్లో చదివినవారి వద్ద నాటి ఫొటోలూ తక్కువే. అటువంటి జ్ఞాపకాన్ని నిలుపుకొనేందుకు కాగితపు కోత కళ చక్కని సాధనం. నల్ల కాగితం, పదునైన బ్లేడు ఉంటే చాలు.

ఇది మనకు బొత్తిగా కొత్త విద్య కాదు. పెళ్లిపందిళ్లకు రంగు కాగితాలను మడిచి, కత్తిరించి తోరణాలు కట్టడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. తోలుబొమ్మల్లో సన్నని రంధ్రాలు పొడిచి, వెలుతురుతోనే నగలు మెరిపించడంలోని కిటుకూ ఇదే. మథుర, బృందావన ప్రాంతాల్లో కోసిన కాగితం మీదుగా రంగుపొడి చల్లి చిత్రాలు వేసే సాంఝీ కళ ఉంది. చైనా కాగితపు కోతకు 2009లో యునెస్కో గుర్తింపు దక్కింది.

తెగితే రాలిపోతుంది

ఈ పనిలో అసలు చిక్కు బొమ్మ గీయడంలో కాదు, పట్టు నిలపడంలో ఉంది. చిత్రమంతా ఒకే కాగితంగా మిగలాలి. ఆకాశాన్ని కోసివేస్తే అందులోని చంద్రుడూ రాలిపోతాడు. కనుక చంద్రుణ్ని కొబ్బరి మట్ట కొసకో, లైట్‌హౌస్ శిఖరానికో ఆనించాలి. కిటికీ గోడను, గోడ చెట్టును, చెట్టు నేలను పట్టుకుని ఉండాలి. ఈ పట్టులు రెండు మిల్లీమీటర్లకన్నా సన్నబడితే కోసేటప్పుడే చిరిగే ప్రమాదముంది. గుర్తున్నవన్నీ ఇరికించబోతే ఏదీ ఆనవాలు చిక్కదు. ఓడరేవు చెంత వెంకటేశ్వరస్వామి ఆలయం, దర్గా, చర్చి నెలకొన్న మూడు కొండలు మాత్రం ఈ కళకు బాగా ఒదుగుతాయి. పక్కపక్కనే ఉన్నందున ఒకే గీతలో కలిసిపోతాయి.

కూలిన చెట్టు సంగతి వేరు. దానిని నల్లగా నిలిపితే నాటి రోడ్డు కనిపిస్తుంది. చుట్టూ కాగితం ఉంచి చెట్టు ఆకారాన్నే కోసివేస్తే, చెట్టు లేని చోటు కనిపిస్తుంది. ఆ నీడన నడిచినవారి మనసుకు తగిలేది రెండోదే.

బొమ్మను కాగితం వెనుకవైపు గీస్తే పెన్సిలు మరకలు ముందుకు రావు. అయితే కుడి ఎడమలు తారుమారవుతాయి. రామకృష్ణా బీచ్‌లో డాల్ఫిన్స్ నోస్‌కు అభిముఖంగా నిలిస్తే సముద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. తిరగేసి గీయడం మరిచారో, అది వాల్తేరు కాకుండా మరే ఊరో అయిపోతుంది!

ముందుగా లోపలి చిన్న భాగాలను, తరువాత పెద్ద ఖాళీలను, చివరగా వెలుపలి అంచును కోయాలి. వంపుల వద్ద బ్లేడును కాక కాగితాన్ని తిప్పాలి. అడుగున మందపాటి రబ్బరు షీటు వేసుకోవాలి. రెండో చేతి వేళ్లు ఎప్పుడూ బ్లేడు దారికి ఎదురుగా ఉండరాదు. అంచులు పీచులు లేస్తుంటే బ్లేడు మొద్దుబారిందని గ్రహించి మార్చివేయాలి.

పూర్తయిన చిత్రాన్ని తెల్ల అట్టపై అక్కడక్కడ సూదిమొనంత జిగురుతో అతికిస్తే చాలు. తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. ఫ్రేము అద్దం కాగితాన్ని తాకితే కొన్నాళ్లకు అంటుకుపోతుంది. అందుకే అంచుల్లో సన్నని అట్టముక్కలు పెట్టి అద్దానికీ చిత్రానికీ మధ్య ఎడం ఉంచాలి.